మాట వినని పిల్ల

మేడమ్ కాగితం మీద ఒక వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, క్లాసంతా చూసేలా పైకెత్తింది.

"ఎవరిదమ్మా ఇది?"

వెనక బల్ల మీద కూర్చున్న ఆయా చెయ్యెత్తింది.

"‘పిల్ల మొండిది. చెప్పిన మాట వినదు.’ ఇదేనా పరిశీలన?" మేడమ్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇది మీ తీర్పు. నాకు తీర్పు వద్దు, మీరు కళ్లతో చూసింది కావాలి. వినదు అని మీకెలా తెలుసు?"

"చెబితే వినదండీ. అందుకే అలా రాశా."

క్లాసు నవ్వింది. ముందు బల్ల మీది కళ్లజోడు ఆవిడ వెనక్కి తిరిగి, "మా ఆయన గురించి రాయమంటే నేనూ అదే రాస్తా మేడమ్. ఒక్క ముక్కలో అయిపోతుంది" అంది. ఈసారి మేడమ్ కూడా నవ్వింది.

"అయితే ఆయన్ని కూడా పరిశీలించండి. మీరు ఎక్కడ నిలబడ్డారు, ఏమన్నారు, అప్పుడు ఆయన ఏం చేశాడు. అంతవరకే. మొండి, పొగరు, బద్ధకం, ఇలాంటి మాటలు కనబడితే కొట్టేస్తాను. మీరు మళ్లీ రాసుకురండమ్మా."

ఆయా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆమె పగలంతా పిల్లల కేంద్రంలో పనిచేస్తుంది. ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ వెళ్లే తల్లులు దింపిపోయిన పిల్లలకు ముక్కులు తుడవడం, బట్టలు మార్చడం, జోకొట్టి నిద్రపుచ్చడం ఆమె పని. పాటలు పాడించడం, బొమ్మలు వేయించడం చదువుకున్న టీచర్ల పని. ఇక మీదట సర్టిఫికెట్ లేనివాళ్లు పిల్లల గదిలో ఉండటానికి వీల్లేదని, వాళ్లను వంటగదికో బట్టలుతికే గదికో మార్చాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. పసిపిల్లల చదువు గురించి ఆదివారాలు చెప్పే ఈ సర్టిఫికెట్ కోర్సులో ఆమె అందుకే చేరానని అందరికీ చెప్పింది. లోపల ఇంకో ఆశ ఉంది. ఆమె కూతురికి నాలుగో ఏడు నడుస్తోంది. ఇంకా ఒక్క మాట రాలేదు. పిల్లలకు మాటలు ఎలా వస్తాయో పుస్తకంలో రాసి ఉంటుందని, అది చదివి తన పిల్లకు కూడా మాటలు తెప్పించుకోవచ్చని ఆమె అనుకుంది.

పరిశీలనకు కేంద్రంలో పిల్లల్నే ఎంచుకోవచ్చు. కానీ అక్కడ ఒకచోట కూర్చుని ఒక పిల్లను చూసే తీరిక ఆయాకు ఎక్కడిది? అందుకే ఇంట్లో పిల్ల గురించి రాసింది.

ఇల్లంటే కోత మిల్లు మీద ఒక గది. మొగుడు మిల్లులో పెద్ద రంపం దగ్గర పనివాడు. పనితో పాటు గది ఇచ్చారు, పని పోతే గదీ పోతుంది. నేలంతా చెక్క పలకలు. కింద రంపం తెల్లారకముందే మొదలై, పైన పిల్ల నిద్రపోయిన చాలాసేపటికి గానీ ఆగదు. అది తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. బిందెలో నీళ్లు కూడా వణుకుతాయి. ఎన్నిసార్లు తుడిచినా దుప్పట్ల మీద, గిన్నెల మీద, పిల్ల రెప్పల మీద సన్నటి పొట్టు పేరుకుంటుంది. ఆదివారం ఒక్కరోజే రంపానికి సెలవు. ఆ రోజు ఆయాకు క్లాసు.

రంపం దగ్గర మాటలు పనికిరావు. దుంగల లారీ డ్రైవరు మొదలుకుని మేస్త్రీ దాకా అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి పైకెత్తితే ఎత్తమని, కిందికి నొక్కితే దించమని, వేళ్లు లోపలికి లాగితే రమ్మని, పిడికిలితో పొట్ట మీద తడితే తిండివేళ అయిందని. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే ఆపమని. ఆపమన్న సైగ ఎవరు చేసినా సరే, ఎందుకని అడక్కుండా మిషను ఆపెయ్యాలి. ముందు ఆపు, తరవాత అడుగు. ఆ ఒక్క సైగ దగ్గర మిల్లులో పెద్దా చిన్నా లేదు.

ఆ సైగలన్నీ మొగుడితో పాటు మెట్లెక్కి గదిలోకి వచ్చాయి. కొన్నేళ్లుగా రంపం పక్కన నిలబడి అతనికి చెవులు సగం పోయాయి. ఇంట్లోనూ చేతులే ఊపుతాడు. అత్తకు గొంతు చించుకోవడం విసుగు, ఆవిడా అదే నేర్చింది. పిల్ల నడవడం రాకముందే రమ్మనే సైగ నేర్చింది. పిడికిలితో పొట్ట తట్టి పాలడిగేది. మిల్లు పనివాళ్లు చూసి మురిసిపోయేవాళ్లు. "మేస్త్రీ తరవాత మేస్త్రీ ఇదేరా" అనేవాళ్లు.

పిల్లకు అత్త పెట్టిన పేరు దొరసాని.

"పిలిస్తే పలకదు. దొరసానిగారి కళ్లకు మనం ఆనం. ఎదురుగా వెళ్లి నిలబడి దండం పెట్టుకోవాలి" అనేది. అని, మడమతో నేల మీద గట్టిగా ఒక్క దెబ్బ వేసేది. పిల్ల చటుక్కున తిరిగేది. "చూశావా? నేనంటే భయం ఉంది. నువ్వే నెత్తికెక్కించుకున్నావు."

మాటలు రాలేదని ఆయా దిగులు పడితే అత్త కొట్టిపారేసేది. "మీ ఆయనా అంతే. అయిదో ఏడుదాకా నోరు విప్పలేదు. పెళ్లయ్యాక మళ్లీ మూశాడు. వీళ్ల వంశమే అంత." ఆయా క్లాసునుంచి పలక తెచ్చి పిల్ల ముందు పెట్టిన రోజున, "పలక తెస్తే పలుకుతుందనుకున్నావా, పంతులమ్మగారూ?" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇంకో గొప్ప కూడా చెప్పుకునేది. "చప్పుట్లో పుట్టి చప్పుట్లో పెరిగింది. దాని పక్కన పిడుగు పడనీ, నిద్ర చెడితే ఒట్టు."

ఎర్ర గీత పడిన మర్నాడు సాయంత్రం ఆయా పనినుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా కాగితం పట్టుకుని గోడవారగా కూర్చుంది. పిల్ల గది మధ్యలో చెక్క ముక్కలు పేరుస్తోంది. అత్త కుంపటి దగ్గర ఉంది. కింద రంపం తిరుగుతోంది.

‘నేను పిల్ల వెనక కూర్చున్నాను. పేరు పెట్టి పిలిచాను. పిల్ల తల తిప్పలేదు. మళ్లీ పిలిచాను. ముక్క మీద ముక్క పెట్టింది.’

రాసింది చదువుకుంది. ఇందులో మొండి ఎక్కడుందో కనబడలేదు. ఏం రాయాలో తోచక అలాగే చూస్తూ కూర్చుంది.

అప్పుడు కరెంటు పోయింది.

రంపం మూలుగుతూ ఆగిపోయింది. అలవాటైన చప్పుడు ఒక్కసారిగా పోతే అది కూడా ఒక దెబ్బలాగే ఉంటుంది. అత్త గరిటె ఆపి తలెత్తింది. ఆయా తలెత్తింది. కింద ఎవరో తిట్టడం వినబడింది. చూరు మీద పావురాలు కూడా లేచి ఎగిరాయి.

పిల్ల మాత్రం తలెత్తలేదు. చెక్క ముక్క పక్కన పెట్టి, అరచెయ్యి నేలకు ఆనించింది. కాసేపు అలా ఉంచింది. ఇంకోచోట ఆనించింది. తరవాత వంగి చెంప ఆనించింది. వణుకు ఎటు పోయిందో వెతుక్కుంటోంది.

ఆయా కాగితం కింద పెట్టింది. కూర్చున్నచోటినుంచే పిలిచింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఆమెకే అరుపులా వినబడింది. పిల్ల కదల్లేదు.

"దాన్ని అలా పిలిస్తే పలుకుతుందా? ఉండు" అని అత్త లేచి మడమ ఎత్తింది.

ఆయా పాకుతూ వెళ్లి అత్త పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"అయ్యో, నా కాళ్లు పట్టుకుంటావేమే? ఇప్పుడేం తప్పు చేశావని?"

"కాలు దించొద్దు అత్తయ్యా. నోటితో పిలవండి. ఒక్కసారి నోటితో పిలవండి."

"దొరసానీ!" అంది అత్త, ఒంటికాలి మీద ఊగుతూ. "ఒసే దొరసానీ! అదిగో, చెప్పలా? పొగరు."

ఆయా కుంపటి దగ్గర పళ్లెం, గరిటె తీసుకుంది. పళ్లెం నేలకు తగలకుండా గాల్లో పట్టుకుని, పిల్ల తల వెనక గరిటెతో కొట్టింది. అత్త చెవులు మూసుకుంది. పిల్ల అరచెయ్యి ఇంకా నేల మీదే ఉంది. ఆయా మళ్లీ కొట్టింది. కొడుతూనే ఉంది. కరెంటు వచ్చి కింద రంపం కదిలింది. నేల వణికింది. పిల్ల చెయ్యి తీసి, నవ్వి, చెక్క ముక్క అందుకుంది.

ఇన్నాళ్లూ అందరూ అన్నది నిజమే. ఆ పిల్ల మాట వినదు. ఏ మాటా వినదు.

ఆ సాయంత్రం గదిలో రంపాన్ని మించిన గొడవైంది.

"నా మనవరాల్ని చెవిటిదంటావా? నేను పిలిస్తే తిరగదా? నీ కళ్ల ముందు తిరగలా?"

"మీరు పిలిస్తే కాదు, తన్నితే తిరుగుతుంది. నేల అదిరితే తెలుస్తోంది దానికి."

"నాలుగు ఆదివారాలు బల్ల మీద కూర్చుని వచ్చి డాక్టరువైపోయావు! లేని రోగాలు అంటగట్టడం నేర్పుతున్నారా అక్కడ?"

తిండివేళకు మొగుడు పైకొచ్చాడు. ఆయా అతనికి అర్థమయ్యేలా గట్టిగా చెప్పింది. అతను ముందు పెళ్లాం నోటివైపు, తరవాత పిల్లవైపు చూశాడు. పిల్ల వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టాడు. ఆ చేతులు గట్టివి, చప్పుడు పెద్దది. పిల్ల తిరగలేదు. అతను చేతుల్ని చూసుకున్నాడు.

"నాకూ సరిగా వినబడదుగా" అన్నాడు చివరికి. "నేను బతకట్లా?"

"నీకు ముందు మాటలొచ్చాయి, తరవాత చెవులు పోయాయి" అంది ఆయా. "దానికి ఏం వచ్చిందని?"

తినకుండానే కిందికి దిగిపోయాడు.

ఆస్పత్రిలో చెవుల డాక్టరమ్మ పిల్లను అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకు ఏవో తగిలించింది. పిల్ల ఏడవలేదు. డాక్టరమ్మ చేతులవైపే చూస్తూ కూర్చుంది, పనివాడు మేస్త్రీని చూసినట్టు, ఏ సైగ చేస్తుందోనని. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి కుర్చీ ముందుకు లాక్కుంది.

"పుట్టుకతోనే ఉన్నట్టుంది. కొంచెం వినికిడి మిగిలింది. చెవికి మిషను పెడితే పెద్ద చప్పుళ్లు తెలుస్తాయి. మాట వినడం అలవాటు చెయ్యాలి, అది కూర్చోబెట్టి నేర్పాల్సిన పని. ఏడాది పిల్లప్పుడు తెచ్చి ఉంటే..." అని ఆగింది. "మాటలు నాటుకునే వయసు చాలావరకు దాటిపోయింది. ఎంత వస్తుందో నేను చెప్పలేను. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"లేదండీ."

"మీరేం చేస్తుంటారు?"

"పిల్లల కేంద్రంలో ఆయానండీ."

డాక్టరమ్మ ఆమె ఒళ్లో ఉన్న సంచివైపు చూసింది. సంచిలోంచి పుస్తకం మూల కనబడుతోంది. "చదువుతున్నారా?"

"కుట్టుపనండీ" అంది ఆయా. "కుట్టు నేర్చుకుంటున్నా."

సంచి మూతి ముడేసుకుంది. ఆ పుస్తకంలో నాలుగో పాఠం పేరు ‘మాట నేర్చే వయసు’. ఆ పాఠం ఆమెకు దాదాపు కంఠతా వచ్చు.

పిల్లకు ఇంట్లో ఏమేం సైగలు తెలుసో రాసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆయా బస్సులో కూర్చుని తలుచుకుంది. ఎత్తు, దించు, రా, తిండి, ఆపు, పక్కకు జరుగు, జాగ్రత్త. అంతే. దుంగలు మోసేవాళ్లకు అవి చాలు. భయం వేస్తోందని చెప్పాలంటే పిల్ల దగ్గర సైగ లేదు. నొప్పికి లేదు. నిన్నకు, రేపటికి లేదు. అమ్మ సాయంత్రం వస్తుంది అని చెప్పడానికి లేదు. అంటే ఇన్నాళ్లూ రోజూ పొద్దున్నే తను చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే, మళ్లీ వస్తానని పిల్లకు తెలియదు. పైనుంచి చూస్తూ పిల్ల చేతులు తల మీద అడ్డంగా పెట్టేది. ఆపు, ఆపు. "మిల్లు ఆట ఆడుతోంది" అని అత్త నవ్వేది. తనూ నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయేది.

మిషను వచ్చింది. చెవి వెనక తగిలించుకునేది, చిక్కుడుగింజంత ఉంటుంది. పెట్టడం ఎలాగో ఆస్పత్రిలో నేర్పారు. అక్కడ పిల్ల కళ్లు పెద్దవి చేసింది కానీ ఏడవలేదు. అది చూసి ఆయాకు బస్సులో పాట వచ్చినంత పనైంది. ఇంటి దాకా మిషను తీసి పెట్టెలో పెట్టుకుని వచ్చి, మెట్లెక్కి, తలుపేసి, పిల్ల చెవికి తగిలించి మీట నొక్కింది.

కింద రంపం తిరుగుతోంది. అప్పుడే ఒక పెద్ద దుంగ కోతకెక్కింది.

పిల్ల అరిచిన అరుపు ఆ గదిలో అంతకుముందు ఎవరూ విననిది. చెవులు రెండూ పట్టుకుని దుప్పట్ల కిందికి దూరింది. అక్కడా వినబడితే బయటికొచ్చి గోడకేసి తల కొట్టుకుంది. ఆయా పట్టుకోబోతే ఆమె చేతిని కొరికింది.

"తీసెయ్యవే! చంపుతావా దాన్ని?" అత్త కూడా అరుస్తోంది.

ఆయా చెయ్యి చెవిదాకా వెళ్లేలోపే పిల్ల విదిలించుకుని తలుపు తోసుకుని మెట్ల మీదికి పరిగెత్తింది. సగం మెట్లు దిగి, కింద మిల్లంతా కనబడేచోట నిలబడి, చిన్న చేతులు రెండూ తల మీద అడ్డంగా పెట్టింది.

రంపం మీట దగ్గరున్న ఇంకో పనివాడు అది చూశాడు. చూడగానే అతని చెయ్యి మీట లాగేసింది. దుంగలో సగం దూరం వెళ్లిన రంపం అక్కడే ఇరుక్కుని ఆగింది. మిల్లంతా ఆగింది. అందరూ ఎవరి వేళ్లు తెగాయోనని ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. తరవాత మెట్లవైపు చూశారు. పిల్ల ఇంకా చేతులు దించలేదు.

"ఎవరన్నారు ఆపమని?" మేస్త్రీ ఆఫీసు గదిలోంచి వచ్చాడు.

"మేస్త్రీ తరవాత మేస్త్రీ" అన్నాడెవరో. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజుకు సరిపెట్టుకున్నారు. మర్నాడు ఆయా పిల్లను దుప్పటిలో చుట్టి పట్టుకుని మళ్లీ ప్రయత్నించింది. పిల్ల మళ్లీ జారిపోయింది, రంపం మళ్లీ ఆగింది. ఈసారి మంచి దూలం చీలిపోయింది.

మేస్త్రీ ఆయా మొగుడి భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు. అతనికి వినబడాలని చెవి దగ్గరగా చెప్పడంతో అందరికీ వినబడింది. "చూడు తమ్ముడూ, ఆపమన్న సైగ చూశాక ఆపకుండా ఉండమని నేను ఎవరికీ చెప్పలేను. అలా చెబితే రేపు నిజంగా ఎవరిదో చెయ్యి పోతుంది. దేవుడు నీ పిల్లకిచ్చిన కష్టం ఇది, నేనిచ్చింది కాదు. మూడోసారి జరిగితే మాత్రం గది ఖాళీ చేసి పెట్టు."

ఆ సాయంత్రం మొగుడు మెట్ల పైతలుపుకు పిల్లకు అందని ఎత్తులో గడియ బిగించాడు. లోపలికొచ్చి పెట్టెలోంచి మిషను తీసి, తన చెవి దగ్గర పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"దాని లోకంలో అది హాయిగా ఉండేది" అంది అత్త. "చప్పుడంటే ఏంటో తెలియని పిల్లకు మొదట వినిపించింది రంపం. ఇంక చెవుల జోలికి రానిస్తుందా?"

ఆయాకు కోపం రాలేదు. అత్త అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు.

రంపం ఆగేది ఆదివారం. ఆ గదిలో మిషను పెట్టగలిగేది ఆదివారమే. ఆదివారం సాయంత్రందాకా క్లాసు.

ఆమె అత్తను బతిమాలింది. మిషను ఎలా పెట్టాలో చూపించింది. ఎదురుగా కూర్చుని, ముఖం చూపిస్తూ, ఒక్కో వస్తువు పేరు చెప్పాలని, వెనకనుంచి పిలిచి చూడాలని చెప్పింది. "పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు. నేను క్లాసునుంచి వచ్చేదాకా."

"నా వల్ల కాదే" అంది అత్త. "ఆ చిక్కుడుగింజ ముట్టుకోవాలంటేనే నాకు భయం."

అయినా వదిలి వెళ్లింది. క్లాసులో మేడమ్ ఆమె కొత్త కాగితం చదివింది. నేలకు అరచెయ్యి ఆనించిన చోట మేడమ్ వేలు ఆగిపోయింది. ఎర్ర కలం మూత పెట్టేసి, "ఇలాగే రాయాలి" అంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మిషను పెట్టెలో ఎలా పెట్టింది అలాగే ఉంది. పిల్ల అత్త ఒళ్లో నిద్రపోతోంది.

"పెట్టె చూడగానే మూల నక్కింది" అంది అత్త, ఆయా ముఖం చూడకుండా. "నాకు చేతులు రాలా."

తరవాతి ఆదివారం క్లాసు మొదలవకముందే వెళ్లి, చదువు మానేస్తున్నానని ఆయా మేడమ్‌తో చెప్పింది.

"పరీక్షలు దగ్గరికొచ్చాయి" అంది మేడమ్. "హాజరు తగ్గితే రాయనివ్వరు. ఇప్పుడు మానేస్తే మళ్లీ మొదటినుంచి. ఎవరైనా చూసుకునేవాళ్లు లేరా?"

"ఉన్నారండీ. చూసుకోడానికి ఉన్నారు."

"ఇంకో పిల్లను పెంచడానికైనా ఈ చదువు..." అని మేడమ్ నాలిక కరుచుకుంది. వెనకనుంచి కళ్లజోడు ఆవిడ వచ్చి ఆయా భుజం పట్టుకుంది. "మా ఆయన్ని పరిశీలించా. పిలిచా, పేపరు తిప్పాడు. మళ్లీ పిలిచా, పేపరు తిప్పాడు. నువ్వు లేకపోతే నా రాతలు ఎవరికి చదివి వినిపించను?" అంది. నవ్వించబోయి తనే కళ్లజోడు తీసి తుడుచుకుంది.

ఆయా పుస్తకాలు బల్ల మీద పెట్టేసి వచ్చింది. కేంద్రంలో ఆమెను బట్టలుతికే గదికి మార్చారు. పిల్లల గది తలుపు ఇప్పుడు ఆమె దాటకూడదు. మధ్యాహ్నం నిద్రవేళకు ఎవరో చంటిది జోకొట్టమని ఏడిస్తే, ఆమె నురుగు చేతులతో గుమ్మం దాకా వచ్చి నిలబడి, మళ్లీ తొట్టి దగ్గరికి వెళ్లేది.

ఆ తరవాత వచ్చిన ఆదివారం పొద్దున మిల్లులో చప్పుడు లేదు. మొగుడు కిందే రంపం పళ్లకు నూనె రాస్తున్నాడు. ఆయా గది మధ్యలో కూర్చుని పెట్టె తెరిచింది. పిల్ల మూల నక్కింది. ఆయా దగ్గరికి వెళ్లలేదు. మిషను అరచేతిలో పెట్టుకుని, పిల్ల చెయ్యి తీసుకుని నేలకు ఆనించింది. వణుకు లేదు. పిల్ల నేలను చూసింది, అమ్మను చూసింది. చెంప ఆనించి చూసింది. చాలాసేపు పట్టింది. చెవికి తగిలించేటప్పుడు పిల్ల భుజాలు బిగబట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది, దెబ్బ పడుతుందన్నట్టు.

దెబ్బ పడలేదు. మెల్లగా కళ్లు తెరిచింది. ఆయా ఏమీ అనకుండా చెక్క ముక్కలు ముందుకు జరిపింది. పిల్ల పేర్చడం మొదలెట్టింది.

కుంపటి దగ్గరినుంచి అత్త ఇదంతా చూస్తోంది. "చదువు మానేశావటగా" అంది. "బట్టలుతికే గదికి తోశారటగా. ఇప్పుడు పంతులమ్మ అని ఎవర్ని పిలవను?"

"దాన్ని పిలవండి అత్తయ్యా."

అత్త గరిటె కింద పెట్టింది. వచ్చి పిల్ల వెనక నిలబడింది. అలవాటుకొద్దీ మడమ లేచింది. లేచిన కాలు గాల్లోనే ఆపింది. గోడ పట్టుకుని, చప్పుడు కాకుండా, చెక్క అదరకుండా మెల్లగా దించింది.

"ఏమని పిలవాలి?"

"మీరు ఎప్పుడూ పిలిచేదే."

"ఆ పేరొద్దే" అంది అత్త. "పొగరనుకుని పెట్టా ఆ పేరు."

"దానికి ఆ సంగతి తెలియదు. దానికి ఇంకా ఏ పేరూ లేదు."

అత్త గొంతు సవరించుకుంది. "దొరసానీ" అంది. పిల్ల ముక్క మీద ముక్క పెట్టింది. "దొరసానీ!" పిల్ల తల తిరగలేదు. అత్త ఆయావైపు చూసింది. ఆయా తల ఊపింది. "దొరసానీ! ఒసే నా తల్లీ, దొరసానీ!" గొంతు చీలి రెండయింది.

పిల్ల చేతిలో ముక్క ఆగింది. దాన్ని పక్కన పెట్టింది. అరచెయ్యి నేలకు ఆనించింది.

అత్త వంగి చూసింది. "విన్నదా?"

ఆయా కూతురినే చూస్తోంది.

"చెయ్యి నేల మీద పెట్టింది."

"అంటే విన్నట్టా, కాదా? చదువుకున్నావుగా, చెప్పవే!"

"చెయ్యి నేల మీద పెట్టింది అత్తయ్యా. నేను చూసింది అంతే." ఆయా పిల్లవైపునుంచి చూపు తిప్పలేదు. "మళ్లీ పిలవండి."